వెండి నీళ్ల సీసా, ఇంటి తయారీ కిట్: లేబుల్ మీద ఒకటి, లోపల ఇంకొకటి

కొల్లాయిడల్ సిల్వర్, నానో సిల్వర్, సిల్వర్ వాటర్. ఆన్‌లైన్‌లో ఏ పేరు కొట్టినా వచ్చేది దాదాపు ఒకే సరుకు, అతి సన్నని వెండి కణాలో కరిగిన వెండో కలిపిన నీళ్లు. ముదురు గోధుమ రంగు గాజు సీసా, మూతకు డ్రాపర్, లేబుల్ మీద 10 పీపీఎం అనో 30 పీపీఎం అనో ఒక అంకె, దాని పక్కన "ఇమ్యూనిటీ" అనే మాట. సీసాతో సరిపెట్టుకోని వాళ్ల కోసం రెండు వెండి కడ్డీలు, రెండు క్లిప్పులు, ఒక అడాప్టర్ ఉన్న కిట్ కూడా అమ్ముతారు. నీళ్లలో పెట్టి స్విచ్ వేస్తే ఇంట్లోనే తయారైపోతుందని చెబుతారు. ఈ రివ్యూ రెండింటికీ కలిపి. బ్రాండ్ల పేర్లు చెప్పడం లేదు. లోపలి రసాయనం ఒకటే కాబట్టి దోషాలూ ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాం. కాలిన గాయం మీద రాసే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీములో వెండికి పని ఉంది. మంచినీళ్ల ఫిల్టర్ లోపల కూడా ఉంది. నోట్లో పోసుకోవడానికి, ముక్కులో కొట్టుకోవడానికి లేదు. 5 స్టార్లకు 1 ఇస్తున్నాం, అది కూడా గాజు సీసా బాగున్నందుకు.

ముందు పీపీఎం సంగతి. 10 పీపీఎం అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే ఒక మిల్లీలీటరులో 10 మైక్రోగ్రాములు. 5 మిల్లీలీటర్ల టీస్పూనుకు 50 మైక్రోగ్రాముల వెండి. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీళ్లలో వెండి లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. సీసాలో ఉన్నది దానికి 100 రెట్లు. "లీటర్ల కొద్దీ తాగం కదా, చెంచాడే కదా" అని అమ్మేవాళ్లు అంటారు. ఆ లెక్క కూడా వేద్దాం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రోజూ నోటి ద్వారా పోయే వెండికి పెట్టిన హద్దు శరీర బరువు కిలోకు 5 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 300 మైక్రోగ్రాములు, అంటే 10 పీపీఎం సీసా నుంచి 6 టీస్పూన్లు. పూటకు రెండు చెంచాల చొప్పున మూడు పూటలూ తాగితే సరిగ్గా హద్దు మీద నిలబడ్డట్టే. అదే 30 పీపీఎం సీసా అయితే రెండు చెంచాలకే ఆ గీత వచ్చేస్తుంది. 10 కిలోల పిల్లకు 10 పీపీఎం సీసా నుంచి ఒకే ఒక్క చెంచా. పిల్లలకు జలుబు చేసిందని డ్రాపర్ నిండా పట్టేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి.

ఆ హద్దు ఎలా పుట్టిందో తెలిస్తే ఇంకా జాగ్రత్త పడతాం. 1935లో అచ్చయిన ఆర్జీరియా (ఒంట్లో వెండి పేరుకుని చర్మం నీలంగా మారే జబ్బు) కేసులే దానికి ఆధారం. వెండి కలిసిన మందును నరం ద్వారా ఎక్కించుకున్నవాళ్లలో చర్మం నీలంగా మారడానికి ఎంత వెండి పట్టిందో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టారు. అంటే ఆ 5 మైక్రోగ్రాముల హద్దు చర్మం రంగు మారకుండా కాపాడడానికి పెట్టింది. మెదడు సంగతి ఆ లెక్కలో లేదు. నానో కణాల ఊసూ లేదు, అప్పటికి ఆ మాటే పుట్టలేదు.

ఇక సీసాలో నిజంగా ఏముందో ఇంట్లో కొంతవరకు పసిగట్టవచ్చు. మొదట రంగు చూడండి. సీసాలోంచి కాస్త తెల్లటి పింగాణీ గిన్నెలోకి వంచి పగటి వెలుతురులో పెట్టండి. 10 నుంచి 20 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) వెండి కణాలు నిజంగా ఉంటే నీళ్లు లేత పసుపు రంగులో కనబడతాయి. ఆ కణాలు నీలి అంచు వెలుతురును, దాదాపు 400 నానోమీటర్ల దగ్గర, మింగేస్తాయి కాబట్టి మిగిలిన పసుపు మన కంటికి చేరుతుంది. లేబుల్ మీద "నానో" అని రాసి, నీళ్లు మాత్రం బిస్లెరీలా తేటగా ఉంటే అందులో ఉన్నది ఎక్కువగా కరిగిన వెండి అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న వెండి పరమాణువులు. బూడిద రంగుకు తిరిగి అడుగున మడ్డి పేరుకుంటే కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టాయని అర్థం. ఎండ తగలడం, ఫ్రిజ్‌లో గడ్డకట్టి కరగడం, నీళ్లలో కాస్త ఉప్పు ఉండటం, ఈ మూడింట్లో ఏదైనా దానికి కారణం కావచ్చు.

రెండోది ఉప్పు పరీక్ష. 20 మిల్లీలీటర్లు చిన్న గాజు గ్లాసులోకి తీసుకుని, నాలుగే నాలుగు ఉప్పు పలుకులు వేసి కదపండి. అయాన్లు ఉంటే పాల చుక్క పడ్డట్టు తెల్లటి మబ్బు లేస్తుంది. అది సిల్వర్ క్లోరైడ్. గ్లాసును అలాగే కిటికీలో ఎండకు పెడితే కాసేపటికి ఆ తెలుపు ఊదాగా, తర్వాత బూడిద రంగుగా మారుతుంది. ఈ మార్పును దగ్గర నుంచి చూడటం మంచిది, ఎందుకంటే చర్మం కింద పేరుకున్న వెండిని ఎండ నల్లబరిచేదీ ఇంచుమించు ఇలాగే. లేత పసుపు రంగు కణాల నీళ్లలో ఉప్పు వేస్తే మబ్బు బదులు ఆ రంగే చెదిరి బూడిదగా మారవచ్చు. కణాలకు ప్రొటీన్ పూత ఉన్న సరుకైతే ఏ మార్పూ కనబడకపోవచ్చు. మబ్బూ లేదు, రంగూ లేదంటే మీరు కొన్నది ఖరీదైన డిస్టిల్డ్ వాటర్ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆరోగ్యం లెక్కన చూస్తే ఈ మోసమే నయం.

చీకటి గదిలో లేజర్ పాయింటర్ కొట్టి చూడమని అమ్మేవాళ్లే చెబుతుంటారు. గీత కనబడితే కణాలు ఉన్నట్టు, అది నిజమే. అయితే దుమ్ము ఉన్నా గీత కనబడుతుంది, సిల్వర్ క్లోరైడ్ తరక ఉన్నా కనబడుతుంది. నాణ్యతకు అది రుజువు కాదు. ఇంకో తమాషా టీడీఎస్ మీటర్. "మీటర్ పెట్టి చూశాం, సరిగ్గా 10 చూపించింది" అనే కస్టమర్ రివ్యూలు బోలెడు. ఆ మీటర్ వెండిని కొలవదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, ఉప్పు నీళ్ల కోసం పెట్టిన గుణకంతో హెచ్చవేసి అంకె చూపిస్తుంది. కణాలు దాని కంటికి ఆనవు. వెండి ఎంతుందో కచ్చితంగా చెప్పాలంటే ఐసీపీ-ఎంఎస్ అనే, లోహాలను అతి కొద్ది మోతాదులో కూడా కొలిచే యంత్రం ఉన్న ల్యాబ్ కావాలి. కణాల సైజు తెలియాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. రెండు రిపోర్టులూ బ్యాచ్ నంబరుతో సహా పెట్టని సీసా మీది అంకెను అలంకారంగా తీసుకోండి.

"మన ఇళ్లలో తరతరాలుగా వెండి ఉగ్గుగిన్నెతోనే పిల్లలకు పట్టాం, ఏమైంది?" అమ్మకం మాటల్లో తెలుగువాళ్లను బాగా ఒప్పించేది ఇదే. గిన్నెకూ కణానికీ తేడా ఉపరితలంలో ఉంది. ఒక గ్రాము వెండిని చిన్న దిమ్మగా చేస్తే బయటి తలం మొత్తం చదరపు సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. అదే గ్రామును 20 నానోమీటర్ల గుళికలుగా చేస్తే తలం దాదాపు 28 చదరపు మీటర్లు, మన లెక్కలో 34 గజాలు. వెండి అయాన్లుగా కరిగేది ఆ తలం మీదే. పైగా గిన్నె గిన్నెగానే ఉంటుంది, కడుపులోకి పోదు. అదే 10 పీపీఎం సీసాలో వెండి అంతా అలాంటి గుళికల రూపంలో ఉంటే ఒక్క టీస్పూనులో లక్ష కోట్ల కణాలు పడతాయి. మిఠాయి మీది వెండి రేకు సంగతి కూడా అడుగుతారు. ఎప్పుడో పెళ్లిలో తిన్న కాజు కట్లీ మీది పొరకూ, రోజుకు మూడు పూటలా నెలల తరబడి తాగేదానికీ పోలిక పెట్టడం కుదరదు.

కడుపులోకి వెళ్లాక జరిగేది ఇది. అయాన్లు జఠరరసంలోని క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్ అవుతాయి. చాలా భాగం మలంలో పోతుంది. కొద్ది భాగం పేగు గోడ దాటి రక్తంలో చేరుతుంది. అక్కడి నుంచి ముఖ్యంగా కాలేయానికి. శరీరం వెండిని ఎక్కువగా పిత్తం ద్వారానే బయటకు తోస్తుంది కాబట్టి కాలేయం జబ్బున్నవాళ్లలో అది మరింత ఆగిపోతుంది. కణంగానే లోపలికి పోయిన వెండి పద్ధతి ఇంకొంచెం జిత్తులమారిది. జీవకణం దాన్ని తిండి పొట్లం అనుకుని పొరలో చుట్టి లోపలికి లాక్కుంటుంది, లైసోసోమ్ అనే ఆమ్లపు సంచిలో వేస్తుంది. ఆ ఆమ్లంలో వెండి కణం కొంచెం కొంచెంగా కరిగి అయాన్లను వదులుతుంది. వెండి అయాన్‌కు గంధకం ఉన్న గుంపులంటే మహా మోజు. ఎంజైముల్లోని గంధకాన్ని పట్టుకుని వాటి పని ఆపుతుంది, జీవకణానికి రక్షణ కవచంలాంటి గ్లూటాథయోన్‌ను ఖర్చు చేయిస్తుంది. జీవకణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుంది. బాక్టీరియాను చంపేదీ ఇలాంటి దెబ్బే. బాక్టీరియాను ఎంచుకుని కొట్టి మన జీవకణాలను వదిలేసే తెలివి వెండికి లేదు.

చర్మం కింద చేరినది గంధకంతో, సెలీనియంతో కలిసి నల్లటి రేణువులుగా స్థిరపడుతుంది. మొదట చిగుళ్లు, గోళ్ల మొదట్లోని అర్ధచంద్రాలు నీలి బూడిద రంగుకు తిరుగుతాయి, తర్వాత ఎండ తగిలే ముఖం, చేతులు. దీన్నే ఆర్జీరియా అంటారు. అమెరికాలోని మోంటానాకు చెందిన రాజకీయ నాయకుడు స్టాన్ జోన్స్ 1999లో, వై2కే గొడవలో (2000 రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయం) యాంటీబయాటిక్స్ దొరకవేమోనన్న భయంతో ఇంట్లో వెండి నీళ్లు చేసుకుని తాగి, ఆ రంగుతోనే 2002 సెనేట్ ఎన్నికల్లో నిలబడ్డాడు. సబ్బుతో పోదు, ఒంట్లోని లోహాలను పట్టి బయటకు లాగే చెలేషన్ మందులతో పోదు. 1064 నానోమీటర్ల లేజర్‌తో తగ్గించిన కేసులు ఉన్నాయి గానీ అది చర్మం వరకే.

మెదడు దగ్గర లెక్క మారుతుంది. రక్తానికీ మెదడుకీ మధ్య గట్టి కుట్లు వేసిన గోడ ఒకటి ఉంది. అది చాలా వాటిని ఆపుతుంది, ఈ సైజు వాటిని పూర్తిగా ఆపలేదు. 2012లో ఏసీఎస్ నానో పత్రికలో వచ్చిన డచ్ పరిశోధన ఈ సీసా కొనేవాళ్లందరికీ తెలియాలి. ఎలుకలకు 28 రోజులు నోటి ద్వారా వెండి ఇచ్చారు, కొన్నింటికి 20 నానోమీటర్ల లోపు కణాలు, కొన్నింటికి కరిగిన సిల్వర్ నైట్రేట్. పరీక్షించిన అవయవాలన్నింటిలో వెండి దొరికింది, కాలేయం, ప్లీహాల్లో అన్నిటికంటే ఎక్కువగా. తర్వాత వెండి ఆపేసి 8 వారాలు ఆగి చూశారు. చాలా అవయవాలు శుభ్రపడ్డాయి. మెదడు, వృషణాలు మాత్రం తమలో చేరినదాన్ని వదల్లేదు. ఆ ఎలుకలకు ఇచ్చిన మోతాదు మన చెంచాతో పోలిస్తే ఎన్నో వేల రెట్లు ఎక్కువ, ఆ మాట దాచకూడదు. కానీ ఇక్కడ చూడాల్సింది ఎంత పోయిందన్నది కాదు, ఎంత తిరిగి వచ్చిందన్నది. కొద్దికొద్దిగా పోసినా బయటకు రాని చోట పోస్తున్నామన్నమాట.

అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. కరిగిన వెండి మాత్రమే ఇచ్చిన ఎలుకల్లో కూడా నానో కణాలు కనిపించాయి. శరీరమే అయాన్ల నుంచి కణాలను తయారు చేసుకుంది. "మాది అయానిక్, నానో కాదు, అందుకే సేఫ్" అని ఒక కంపెనీ, "మాది నిజమైన కొల్లాయిడ్, అయానిక్ కాదు, అందుకే సేఫ్" అని ఇంకో కంపెనీ చేసే వాదన అక్కడితో చెల్లిపోయింది.

మనిషి విషయంలో నమోదైన కేసు 2004లో న్యూరాలజీ పత్రికలో వచ్చింది. 71 ఏళ్ల వ్యక్తి 4 నెలలు రోజూ కొల్లాయిడల్ సిల్వర్ తాగాక ఆగని కండర కుదుపులతో మూర్ఛ వచ్చి కోమాలోకి వెళ్లాడు. రక్తంలోనూ, మెదడు చుట్టూ ఉండే ద్రవంలోనూ వెండి ఎక్కువగా తేలింది. ప్లాస్మా మార్చినా తేరుకోలేదు, అయిదున్నర నెలలకు చనిపోయాడు. ఒక్క కేసుతో అందరికీ ఇలాగే అవుతుందని అనలేం. అయితే ప్లాస్మాను శుభ్రం చేసినా మెదడు బాగుపడలేదన్నది ఎలుకల్లో చూసినదానితో సరిపోతోంది.

ముక్కు స్ప్రే, నెబ్యులైజర్‌లో పోసి పీల్చడం, ఈ రెండూ అన్నిటికంటే చెడ్డ వాడకాలు. ముక్కు పైకప్పులోని వాసన నరాలు నేరుగా మెదడులోకి తెరుచుకుంటాయి, మధ్యలో ఆ గోడ కూడా లేదు. 2006లో ఎలుకలకు 30 నానోమీటర్ల మాంగనీస్ ఆక్సైడ్ కణాలను 12 రోజులు పీల్పిస్తే వాసన పట్టే మెదడు భాగంలో మాంగనీస్ మూడున్నర రెట్లు పెరిగింది. అది వెండి కాదు, కానీ దారి అదే. నానో వెండితో పనిచేసే కార్మికుల కోసం అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థ నియోష్ 2021లో సూచించిన హద్దు ఘనపు మీటరు గాలికి 0.9 మైక్రోగ్రాము. 5 మిల్లీలీటర్ల 10 పీపీఎం నీళ్లు నెబ్యులైజర్ కప్పులో పోస్తే అందులో ఉన్నది 50 మైక్రోగ్రాములు. ఫ్యాక్టరీ కార్మికుడికి మాస్కు, ఇంట్లో జలుబు చేసినవాడికి అదే గాలి మందు!

కిట్ సంగతికొస్తే, సీసాకు కనీసం ఒక అంకె అయినా ఉంటుంది, దీనికి అదీ ఉండదు. లెక్క మాత్రం సులువే, పారిన కరెంటుకు ఎంత లోహం దిగుతుందో చెప్పే ఫారడే సూత్రం. 1 మిల్లీ ఆంప్ కరెంటు గంటసేపు పారితే కడ్డీ నుంచి 4 మిల్లీగ్రాముల వెండి దిగుతుంది. 250 మిల్లీలీటర్ల గ్లాసులో అది 16 పీపీఎం దాకా. చిక్కు ఎక్కడంటే కరెంటు 1 మిల్లీ ఆంప్ దగ్గర ఆగదు. మంచి డిస్టిల్డ్ వాటర్‌లో మొదట అసలు పారనట్టే ఉంటుంది. కొంచెం వెండి దిగగానే నీళ్లు కరెంటుకు దారిస్తాయి, దారి దొరికేకొద్దీ వెండి ఇంకా దిగుతుంది. చౌక కిట్లలో కరెంటును అదుపు చేసే సర్క్యూట్ ఉండదు, ఉత్త అడాప్టరే. 5 మిల్లీ ఆంప్‌కు చేరి గంట నడిస్తే 80 పీపీఎం, రెండు చెంచాలకు 800 మైక్రోగ్రాములు. కిట్‌తో ఇచ్చే కాగితంలో "20 నిమిషాలు" అని సమయం రాస్తారే తప్ప కరెంటు ఎంతో రాయరు. మల్టీమీటర్ లేకుండా ఆ 20 నిమిషాలకు అర్థం లేదు.

స్విచ్ వేసిన గ్లాసును దగ్గర నుంచి చూస్తే ఒక కడ్డీకి నల్లటి పూత పడుతుంది, రెండోదానికి బూడిద రంగు నూగు వేలాడుతుంది, తగిలితే ఊడి తేలుతుంది. ఊడింది వెండి ముద్దే, సైజుకు లెక్కా పత్రం ఉండదు. కాఫీ ఫిల్టర్‌తో వడకట్టమంటారు గానీ అది పెద్ద తునకలనే ఆపుతుంది. డిస్టిల్డ్ వాటర్ బదులు ఆర్వో నీళ్లు పోస్తే వాటిలో మిగిలిన క్లోరైడ్‌తో తెల్లటి మబ్బు వస్తుంది. బోరు నీళ్లు పోస్తే కరెంటు ఒక్కసారిగా ఎగబాకి గ్లాసంతా మురికి రంగు అవుతుంది. "త్వరగా కావాలంటే చిటికెడు ఉప్పు వేయండి" అనే వీడియో సలహా అన్నిటికంటే తప్పు. కడ్డీల స్వచ్ఛత ఇంకో తలనొప్పి. 99.99 శాతం అని అమ్మినదాన్ని ఎవరూ పరీక్షించరు. 92.5 శాతం వెండి అయితే మిగిలిన భాగం సాధారణంగా రాగి, అదీ నీళ్లలోకి దిగుతుంది. నానో రాగి ఇంకా ఘాటు. 2006లో చైనాలో చుంచెలుకల మీద చేసిన పరీక్షలో 23.5 నానోమీటర్ల రాగి కణాలతో సగం ఎలుకలు చనిపోయే మోతాదు కిలోకు 413 మిల్లీగ్రాములు తేలింది. మామూలు రాగి పొడికి ఆ అంకె 5,000 పైనే. లోహం అదే, మెత్తగా నూరినదానికి ఘాటు వేరు.

ఇన్ని తిప్పలకూ దక్కే ప్రయోజనం ఏమిటంటే, నోటి ద్వారా తీసుకునే కొల్లాయిడల్ సిల్వర్ ఏ జబ్బుకూ పనిచేస్తుందన్న రుజువు లేదు. మందుగా అమ్మే కొల్లాయిడల్ సిల్వర్ సురక్షితమనీ, పనిచేస్తుందనీ గుర్తించలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. 2020 మార్చిలో కోవిడ్ మందని అమ్మినవాళ్లకు హెచ్చరికలు పంపింది.

వెండి మీద మాకు పగేమీ లేదు. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్ ఫిల్టర్‌లో వరి పొట్టు బూడిదకు నానో వెండి పట్టించారు. అక్కడ కణాలు బూడిదకు అతుక్కుని ఉంటాయి, నీళ్లు వాటిని తాకి పోతాయి. అలాంటి ఫిల్టర్ కొనేటప్పుడు అడగాల్సింది ఒక్కటే, బయటకొచ్చే నీళ్లలో వెండి 0.1 మిల్లీగ్రాము లోపే అన్న టెస్ట్ రిపోర్టు ఉందా అని. కార్ట్రిడ్జ్ గడువు దాటాక వాడొద్దు.

ఇప్పటికే ఈ సీసా వాడుతున్నవాళ్లు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట ఆపేయండి, మెల్లగా తగ్గించాల్సిన పని లేదు. థైరాక్సిన్ మాత్ర వేసుకునేవాళ్లలో వెండి ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడవచ్చు. వెండి ఆపాక మందు ఎక్కువ పట్టి మోతాదు మార్చాల్సి రావచ్చు, కాబట్టి డాక్టర్‌కు చెప్పి 6 వారాలకు టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్త పరీక్ష చేయించుకోండి. సిప్రోఫ్లాక్ససిన్, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కూడా ఇదే ఇబ్బంది. అన్నీ ఆయుర్వేదమే అనుకుని డాక్టర్‌తో చెప్పకపోవడం మామూలుగా జరిగే తప్పు. పగటి వెలుతురులో గోళ్ల అర్ధచంద్రాలు, చిగుళ్లు చూసుకోండి. నీలి ఛాయ ఉంటే ఎండకు కప్పుకుని చర్మం డాక్టర్ దగ్గరకు వెళ్లండి. కొత్తగా కుదుపులు, తడబాటు, మూర్ఛ కనిపిస్తే ఆగకుండా న్యూరాలజిస్ట్ దగ్గరకు, సీసాను వెంట తీసుకుని వెళ్లండి. "డిటాక్స్" పేరుతో చెలేషన్ డ్రిప్ పెడతామనే క్లినిక్‌కు డబ్బు పోయొద్దు.

మిగిలిన సీసాను సింక్‌లో వంచొద్దు. సెప్టిక్ ట్యాంకులో పనిచేసేది బాక్టీరియానే, వెండి చంపేదీ బాక్టీరియానే. చేపల తొట్టిలో, చెరువులో అసలే వద్దు, కరిగిన వెండి అయాన్లు చేపలకు అతి కొద్ది మోతాదులోనే విషం. మూత గట్టిగా బిగించి, ఇంట్లో పాత ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు వేసే ప్రమాదకర చెత్త సంచిలో వేసి మున్సిపాలిటీ బండికి విడిగా ఇవ్వండి. కిట్‌లోని కడ్డీలు మాత్రం కంసాలికి చూపించండి. నిజంగా వెండే అయితే తూకానికి డబ్బులొస్తాయి.